పొద్దుటి అరగంట

విశాఖపట్నం,
4 నవంబరు 2024

అన్నయ్యకు,

నిన్న వదిన ఫోన్ చేసింది. నువ్వు పక్కనే ఉన్నావట గానీ ఫోను చేతిలోకి తీసుకోలేదట. గొంతు తీసేసిన మనిషి ఫోనులో ఏం మాట్లాడతాడని వదిన అంది. తర్వాత ఆలోచిస్తే తోచింది. గొంతు తీసేశారు గానీ నీ చేతిరాత అలాగే ఉంది కదా. రాయి మిల్లు సంఘానికి ఇరవై ఏళ్ళు అర్జీలు రాసిన చెయ్యి నీది. అందుకే ఈ ఉత్తరం. నువ్వూ ఉత్తరమే రాయి.

వదిన చెప్పింది విన్నప్పటి నుంచి మనసు నిలవడం లేదు. రేడియేషన్ అయిపోయి ఏడు వారాలు దాటింది. ఇంకా నువ్వు మంచం దిగడం లేదట. స్నానం చేసి వస్తే మళ్ళీ గంట పడుకుంటున్నావట. వదిన మాటల్లోనే చెబుతాను, కోపం తెచ్చుకోకు. "పొద్దన్నుంచీ తలుపులేసుకోని ఆ చీకట్లోనే పడుంటన్నాడు. ఇది జబ్బో బద్ధకమో నాకు తెలవటంలా వనజా."

బద్ధకం కాదని గట్టిగా చెప్పాను. క్యాన్సర్ వైద్యం చేయించుకున్నవాళ్ళలో చాలామందికి ఈ నీరసం నెలల తరబడి ఉంటుంది. నేను పనిచేసే ఆస్పత్రిలో డాక్టర్ పద్మజ గారు దీని మీదే రెండేళ్ళు ఒక పరిశీలన చేశారు. పేషెంట్లు రోజూ పొద్దున లేవగానే అరగంట సేపు బాగా వెలుగునిచ్చే దీపం ముందు కూర్చోవాలి. మన ఒంట్లో నిద్రకీ మెలకువకీ ఒక గడియారం ఉంటుంది. నెలల తరబడి గదిలో పడుకున్నవాళ్ళకి అది తప్పుతుంది. పొద్దున్నే కంటికి తగిలే వెలుగు దాన్ని మళ్ళీ దారిలో పెడుతుందని డాక్టర్ల ఆలోచన. అందరికీ కాకపోయినా కొందరికి నీరసం తగ్గడం నేను కళ్ళారా చూశాను. పరిశీలన ముగిసింది. మిగిలిన దీపాల్లో ఒకటి నీకు పంపుకోమని పద్మజ గారే అన్నారు. పార్శిల్ చేశాను.

లేవగానే మూరెడు దూరంలో, కొంచెం పక్కగా పెట్టుకో. నేరుగా దాన్నే చూడకు. టీ తాగు, పేపరు చదువుకో. ఇది క్యాన్సర్‌కి మందు కాదు, నీ మందులేవీ మానకు. నోటు పుస్తకంలో ఏ రోజుకారోజు నీరసం ఎంతుందో సున్నా నుంచి పది దాకా ఒక అంకె వెయ్యి. పది అంటే కదల్లేనంత.

ఇంకొకటి. ఆపరేషన్లో గొంతుతో పాటు థైరాయిడ్ గ్రంథి కూడా సగం తీశారు. ఈ నెలాఖరుకి దానికి రక్తపరీక్ష చేయించమని గుంటూరు డాక్టరు చీటీలో రాశారు. మర్చిపోకండి.

నీ చెల్లెలు
వనజ


మాచర్ల,
14-11-2024

అమ్మాయ్ వనజా,

నీ ఉత్తరమూ పెట్టే ఒకే రోజు వచ్చాయి. పోస్ట్‌మ్యాన్ అంత పెట్టె తెచ్చి గుమ్మంలో దించితే వీధంతా చూసింది. ఎదురింటి హనుమాయమ్మత్త అయితే మీ వదినతో, "ఎండాకాలం తారు కరిగే ఊరికి వైజాగు నుంచి లైటు పంపిచ్చిందా ఏమే మీ ఆడబిడ్డ?" అంది. నాకూ నవ్వొచ్చింది. ఇప్పుడు నేను నవ్వితే శబ్దం రాదు. మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచి గాలి మాత్రం వస్తుంది. అది చూసి అత్త మొహం తిప్పుకుంది. అందుకే తలుపులు వేసుకుంటున్నాను. చీకటంటే ఇష్టమై కాదు.

నీరసం సంగతి రాస్తాను. బసవయ్య గారి రాయి మిల్లులో ముప్ఫై ఏళ్ళు నిలబడి నాపరాళ్ళు కోశాను. అలసట అంటే నాకు తెలియనిది కాదు. పని చేసి అలిసిన ఒళ్ళు పడుకుంటే తేరుకుంటుంది. ఇది అట్లా కాదు. నిద్ర లేచేసరికే అలిసిపోయి ఉంటాను. చొక్కా గుండీలు పెట్టుకుంటూ మధ్యలో చేతులు దించేస్తాను. ఇదంతా మీ వదినకి చెప్పాలంటే పలక మీద రాయాలి. పలకకి ఇంత పట్టదు. "బాగలేదు" అని రాస్తాను. ఆమె చూసి పత్తి తీతకి వెళ్ళిపోతుంది. సాయంత్రం వేళ్ళన్నీ గీరుకుపోయి వస్తుంది. నేను గోడకి తిరిగి పడుకుంటాను.

దీపం బాగుంది. నువ్వు చెప్పినట్టే పొద్దున్నే పెట్టుకుంటున్నాను. కళ్ళు జిగేలుమంటున్నాయి. అంకెలు కూడా వేస్తున్నాను. 9, 8, 8, 7, 6.

ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. గుంటూరు ఆస్పత్రిలో నా పక్క మంచం మీద బెల్లంకొండ ఆయన ఉండేవాడు. ఇక మందులు పనిచేయవని తేలాక ఆయనకి మనసు ప్రశాంతంగా ఉంటుందని ఒక పాటల రేడియో ఇచ్చి ఇంటికి పంపించారు. నెల తిరక్కుండా పోయాడు. ఈ దీపాలు ఎవరికి ఇస్తారు?

బసవయ్య గారు కబురు చేశారు. నా చోట్లో ఇంకా ఎవర్నీ పెట్టలేదట. డిసెంబరు దాకా చూస్తారట.

నీ అన్న
బ్రహ్మం


విశాఖపట్నం,
21 నవంబరు 2024

అన్నయ్యా,

నీ అంకెలు చూసి ఎంత సంతోషించానో. ఐదు రోజుల్లో తొమ్మిది నుంచి ఆరు! పద్మజ గారికి చూపిస్తే "ఇంత తొందరగానా?" అని ఆశ్చర్యపోయారు. మా అన్నయ్య ఏ పనైనా పట్టుకుంటే అంతేనండీ అన్నాను.

వార్డులో ఈ వారం ఇద్దరు నర్సులు సెలవులో ఉన్నారు, నాకు ఊపిరాడటం లేదు. అందుకే పొట్టిగా రాస్తున్నాను. రేడియో సంగతి అడిగావు. రేడియో అయినా దీపమైనా మనిషి హాయిగా ఉండటానికేలే. ఎక్కువ ఆలోచించకు. వచ్చిన దాన్ని వాడుకో.

వదినకి ఫోన్ చేసి నువ్వు బాగా తేరుకుంటున్నావని చెప్పాను. పాపం, నిన్ను ల్యాబుకి తీసుకెళ్ళాలంటే ఒక రోజు పత్తి పని మానాలని ఇబ్బంది పడుతోంది. ఇంత బాగున్నప్పుడు తొందరేమీ లేదు వదినా, జనవరిలో గుంటూరు చెకప్‌కి వెళ్ళినప్పుడు ఆ పరీక్ష కూడా చేయించవచ్చు అన్నాను.

బసవయ్య గారి కబురు మాత్రం పక్కన పెట్టు. మెడ మీద రంధ్రంతో ఆ రాతిపొడిలోకి వెళ్ళే ఆలోచనే వద్దు.

వనజ


మాచర్ల,
2-12-2024

వనజకు,

నువ్వు వద్దన్న పనే చేశాను. పోయిన సోమవారం నుంచి మిల్లుకి వెళ్తున్నాను. తిట్టేముందు ఎట్లా జరిగిందో విను.

నీ ఫోను వచ్చిన రోజు సాయంత్రం మీ వదిన నా మంచం పక్కన కూర్చుంది. కోపంగా కాదు, నెమ్మదిగానే అడిగింది. "డాక్టర్ల మధ్యన తిరిగే మనిషి, నీ చెల్లెలే బాగుండాడు అంటంది. బాగుంటే ఇంకా ఈ మంచమేంది?" పలక చేతిలోకి తీసుకున్నాను. ఏం రాయను? నువ్వు చెప్పింది అబద్ధమని రాయలేను గదా. పలక అట్లాగే పక్కన పెట్టేశాను. సోమవారం పొద్దున చొక్కా వేసుకున్నాను.

రాయి కోసే మిషను దగ్గర కాదులే, భయపడకు. గొలుసుతో రాళ్ళు పైకెత్తి దించే చోట నిలబెట్టారు. చేతిలో స్విచ్చి ఉంటుంది. నొక్కితే రాయి దిగుతుంది, వదిలితే ఆగుతుంది. మెడకి తడిగుడ్డ కట్టుకుంటున్నాను. మన మిల్లు మెకానిక్ నాగూర్ వలి రోజూ తన బండి మీదే ఎక్కించుకుని తీసుకెళ్ళి తీసుకొస్తున్నాడు. నేను మాట్లాడనని అతను ఇద్దరి మాటలూ తనే మాట్లాడతాడు. దారి పొడుగునా నవ్విస్తాడు.

ఒళ్ళు కూడా వచ్చింది. అన్నం సగానికి తగ్గినా రెండు నెలల్లో ఐదు కిలోలు పెరిగాను. మొహం నిండుగా ఉబ్బింది, అల్లుడిలా ఉన్నావని మిల్లులో ఎగతాళి చేస్తున్నారు. చలి మాత్రం ఎందుకో ఈసారి ఎక్కువ. మధ్యాహ్నం కూడా స్వెట్టర్ తియ్యబుద్ధి కావడం లేదు. పేర్లు గుర్తు రావడం లేదు. నిన్న బసవయ్య గారి కొడుకు పేరు తట్టలేదు. వయసుతో వచ్చేవే గదా ఇవన్నీ.

నీ దీపం మంచం పక్కన గూట్లో పెట్టాను. దేవుడి పటం ముందు బల్బులా ఎర్రగా, చల్లగా వెలుగుతుంది. కళ్ళకి ఏ ఇబ్బందీ లేదు. ఇంత కొంచెం వెలుగు ఒంట్లో ఏం చేస్తుందో గానీ, అంకెలు 3, 3, 2.

బ్రహ్మం


విశాఖపట్నం,
6 డిసెంబరు 2024

అన్నయ్యా,

ఈ ఉత్తరం అందగానే వదినని పక్కన కూర్చోబెట్టుకుని చదువు. నిన్నటి నుంచి ఆమె ఫోను స్విచాఫ్ వస్తోంది. మీ వీధిలో ఇంకెవరి నంబరూ నా దగ్గర లేదు. స్పీడ్ పోస్టు చేస్తున్నాను.

ఎర్రగా అని రాశావు. నేను పంపాల్సింది ఎర్ర దీపం కాదు, తెల్లది. చూస్తే కళ్ళు చెదిరేంత తెల్లది.

పరిశీలనలో రెండు రకాల దీపాలుండేవి. సగం మందికి తెల్లని వెలుగు, సగం మందికి ఎర్రని మసక వెలుగు. తెల్లదాని వల్లే మేలు జరుగుతోందా, లేక రోజూ అరగంట కుదురుగా కూర్చోవడం వల్లనా అని పోల్చి చూడటానికి ఆ ఎర్రవి. పెట్టెలన్నీ ఒకేలా ఉంటాయి, పైన నంబరు మాత్రమే ఉంటుంది. పద్మజ గారు తెల్లవాటి వరసలోంచి తీసుకోమన్నారు. డ్యూటీ దిగే హడావుడిలో పెట్టె విప్పి చూడకుండా తీసుకొచ్చాను. తప్పు నాది.

కానీ నువ్వు మొదటి ఉత్తరంలో కళ్ళు జిగేలుమంటున్నాయని రాశావు. ఎర్ర దీపానికి కళ్ళు జిగేలుమనవు. అంటే అప్పటికి నువ్వు పెట్టె విప్పలేదు. మరి ఆ అంకెలు ఎక్కడివి?

దెబ్బలాడటానికి ఇప్పుడు టైము లేదు. తినకపోయినా బరువు పెరగడం, మొహం ఉబ్బడం, ఎండలో చలి, మతిమరుపు. ఇవి వయసువి కావు. థైరాయిడ్ పడిపోతే వచ్చే లక్షణాలు. నీ నీరసంలో సగం అదే అయి ఉండవచ్చు. ఆ పరీక్ష జనవరికి వాయిదా వెయ్యమన్నది నేనే. ఈ రోజే వెళ్ళి రక్తం ఇవ్వు. ఫలితం వచ్చేదాకా ఆ స్విచ్చి ముట్టుకోకు. ఆ మైకంలో మనిషి నిలబడే తూగుతాడు.

నీకు ఇచ్చిన దీపం మందులు ఇక పనిచేయనివాళ్ళకి ఇచ్చేది కాదు. నువ్వు రేడియో గురించి ఎందుకు అడిగావో ఈ రోజే అర్థమైంది.

వనజ


మాచర్ల,
8-12-2024, ఆదివారం

వనజా,

నీ నుంచి జవాబు రాలేదు. వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను. ఇంకెవరికీ చెప్పలేను.

గురువారం మధ్యాహ్నం మిల్లులో నాగూర్ వలి కాలు మీద రాయి దిగింది. ట్రాలీ చక్రం పట్టేసిందని కింద కూర్చుని బిగిస్తున్నాడు. పైన గొలుసుకి రాళ్ళు వేలాడుతున్నాయి. స్విచ్చి నా చేతిలో ఉంది. నరసరావుపేట ఆస్పత్రిలో ఎడమ కాలి రెండు వేళ్ళు తీసేశారు. అతని భార్య షంషాద్‌కి తోడుగా మీ వదిన వెళ్ళింది. ఆ గందరగోళంలో ఆటోలో ఫోను పోగొట్టుకుంది.

గొలుసు జారిందని అందరూ అంటున్నారు. బసవయ్య గారూ అదే అన్నారు. పాత గొలుసు, మార్చాలనుకుంటున్నదే అని తనని తనే తిట్టుకున్నారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. పాపం, నోరు లేని మనిషి, అరిచి చెప్పలేకపోయాడని నన్ను చూసి ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

గొలుసు జారలేదు వనజా. నా వేలు స్విచ్చి మీద ఉంది. రాయి దిగడం కనిపిస్తూనే ఉంది. వేలు తియ్యాలి. తియ్యాలని తట్టలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, లోపల ఎవరూ లేరు. అతను అరిచాక తీశాను.

ఇప్పుడు మిగతాది కూడా చెబుతాను. నవంబరు ఆఖరు దాకా నీ పెట్టె విప్పలేదు. ఆ బెల్లంకొండ ఆయన రేడియో లాంటిదే ఇదీ అనుకున్నాను. అంకెలన్నీ మంచంలో పడుకుని నేను వేసినవే. నీకు సంతోషంగా ఉంటుందని కొన్ని, నేను పోవడం లేదని నాకు నేను చెప్పుకోవడానికి కొన్ని. అడిగితే నువ్వు హాయిగా ఉండటానికేలే అన్నావు. ఇక నాకు అనుమానం లేకపోయింది. ఎట్లాగూ పోయేవాణ్ణి, ఉన్న నాలుగు రోజులూ మీ వదిన కళ్ళముందు పని చేసి పోదామని మిల్లుకి వెళ్ళాను. వెళ్ళాక నిలబడలేక, భయమేసి పెట్టె విప్పాను.

అసలు అంకె మొదటి రోజు నుంచీ తొమ్మిదే. ఒక్కరోజు కూడా తగ్గలేదు.

బ్రహ్మం


విశాఖపట్నం,
11 డిసెంబరు 2024

అన్నయ్యా,

మన ఉత్తరాలు దారిలో ఎదురెదురుగా వెళ్ళాయి. నువ్వు రాసింది రెండుసార్లు చదివి చించెయ్యబోయాను, చేతులు రాలేదు. నిన్న హనుమాయమ్మత్త ఫోను నుంచి వదిన మాట్లాడింది. రక్తం ఇచ్చి వచ్చారట. అంతవరకు నయం.

ఇప్పుడు నేను చెప్పేది విను. గొలుసు జారిందని అందరూ అనుకుంటున్నారు. అలాగే అనుకోనీ. నువ్వు నాకు రాసింది ఇంకెవరికీ రాయకు, పలక మీద కూడా రాయకు. కేసు అవుతుందో, నాగూర్ వలి వాళ్ళు ఇంటి మీదకి వస్తారో తెలియదు. వదిన ఒక్కతే ఏం చేస్తుంది? నువ్వు కావాలని చేసింది కాదు. జబ్బు చేయించింది.

నేను కూడా దీపం మారిన సంగతి పద్మజ గారికి చెప్పలేదు. తెల్లవాటి వరసలోంచి ఇంకోటి తీసి, ఈసారి స్విచ్చి వేసి చూసి మరీ పంపుతున్నాను. లెక్కకి ఒకటి తక్కువైందని అడిగితే అప్పుడు చూసుకోవచ్చు. ఇద్దరం నోరు మూసుకుంటే ఇది ఇక్కడితో పోతుంది.

వనజ


మాచర్ల,
17-12-2024

వనజకు,

రక్తపరీక్ష వచ్చింది. థైరాయిడ్ పడిపోయేకొద్దీ పెరిగే అంకె ఒకటుందట, ఐదు లోపు ఉండాల్సింది డెబ్భై నాలుగు ఉంది. ఇక్కడి డాక్టరు కాగితం చూసి, నన్ను చూసి, "ఇంతుంటే మీరు నడిచి ఎలా వచ్చారు?" అన్నాడు. పరగడుపున వేసుకోమని మాత్ర ఇచ్చాడు. ఆరు వారాలకి గానీ తేడా తెలియదట. మీ వదిన ఆ కాగితం మడవకుండా చేత్తో పట్టుకునే నడిచింది. ఇంటికొచ్చాక, "నన్నెందుకు నమ్మించావు?" అంది. బద్ధకమని తను అన్న మాట ఆమెని తినేస్తోంది. అబద్ధం నాది, ఏడుపు ఆమెది అయింది.

తెల్ల దీపం అందింది. వెలిగిస్తే గదిలో మంచం కింద బూజు కూడా కనిపించింది. పొద్దున అరగంట కూర్చుంటున్నాను.

నీ ఉత్తరం గురించి. అట్లా రాస్తావనుకోలేదు. నోరు మూసుకోమన్నావు. నాకు మూసుకోవడానికి నోరెక్కడిది? వచ్చిన ప్రతివాడూ పాపం మాట రాని మనిషి అని నా భుజం తడుతున్నాడు. నా గొంతు పోవడం నాకే సాక్ష్యం చెబుతోంది, అదీ దొంగసాక్ష్యం. నిన్న షంషాద్ వచ్చింది. "మీరు దిగులు పెట్టుకోబాకండన్నా, మీదేముంది అందులో" అని నాకు ధైర్యం చెప్పి వెళ్ళింది.

ఇంకొకటి కూడా అడుగుతాను. ఎర్ర దీపం తెల్లవాటి వరసలోకి ఎట్లా వచ్చింది? నాకు రాళ్ళ సంగతి తెలుసు. ఒక దొంతరలో ఒక రాయి తప్పు పడిందంటే సాధారణంగా ఆ ఒక్కటే ఉండదు.

బ్రహ్మం


విశాఖపట్నం,
24 డిసెంబరు 2024

అన్నయ్యా,

నీ ఆఖరి వాక్యం రాత్రంతా నన్ను కూర్చోనివ్వలేదు. శుక్రవారం పద్మజ గారి గదికి వెళ్ళి మొత్తం చెప్పాను. పెట్టె విప్పకుండా తేవడం, తప్పు తెలిశాక అడగకుండా ఇంకోటి తియ్యడం, చెప్పకుండా దాచడం.

ఆమె నన్ను తిట్టలేదు. లేచి స్టోర్‌రూముకి నడిచారు, నేను వెనక. వరసలో ఉన్న ప్రతి పెట్టెనీ విప్పించారు. తెల్లవాటి మధ్య ఇంకో రెండు ఎర్రవి దొరికాయి. ఎవరో సర్దేటప్పుడు కలిపేశారు. అసలు భయం అప్పుడు మొదలైంది. పరిశీలన అయ్యాక ఆ వరసలోంచే పదకొండు దీపాలు పేషెంట్లకి ఇళ్ళకి ఇచ్చాం. అందరికీ ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేసి, వెలిగించి రంగేంటో చెప్పమని అడిగాను. ముగ్గురి దగ్గర ఎర్రవి ఉన్నాయి. వాళ్ళలో అనకాపల్లి ఆమె దీపం పెట్టుకున్నా తగ్గడం లేదంటే ఇక తన జబ్బే తిరగబెట్టిందనుకుని, ఎవరికీ చెప్పకుండా దిగులుతో మంచం పట్టిందట. నేను నోరు మూసుకుని ఉంటే ఆమె అలాగే ఉండేది.

నాకు మెమో వచ్చింది. పద్మజ గారు సంతకం పెడుతూ, "మొదటి రోజే చెప్పాల్సింది వనజా" అన్నారు. అంతే. ఉద్యోగం పోలేదు గానీ ఆమె ఇంతకుముందులా నాతో మాట్లాడటం లేదు.

నిన్ను దాచమన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అలాగని చెప్పెయ్యమని కూడా అనలేను. కాలు నాది కాదు, స్నేహం నాది కాదు. నువ్వు ఏం చేసినా నేనున్నానని మాత్రం రాస్తున్నాను.

నీ చెల్లెలు
వనజ


మాచర్ల,
16-2-2025

అమ్మాయ్ వనజా,

ఇన్ని రోజులు రాయనిది కోపంతో కాదు. రాయడానికి ఏదో ఒకటి తేలాలి గదా అని ఆగాను.

ముందు ఒళ్ళు సంగతి. జనవరి అంతా ఎనిమిది, ఏడు, మళ్ళీ ఎనిమిది. నెల మధ్యలో ఒకరోజు తొమ్మిది కూడా వేశాను, అంత నిజాయితీగా ఉన్నాను. ఈ నెలలో ఆరు, ఐదు, ఆరు, నిన్న నాలుగు. మొహం వాపు తీసింది. రాత్రి నిద్ర పడుతోంది, పగలు పట్టడం లేదు. గుంటూరు చెకప్‌లో జబ్బు తిరగబెట్టిన జాడ లేదన్నారు. ఇది మాత్ర చేసిందా దీపం చేసిందా అని అక్కడి డాక్టర్ని పలక మీద అడిగాను. మాత్ర లేకపోతే ఏదీ చేసేది కాదు, దీపం కొంత చేసి ఉండొచ్చు, ఎంతో చెప్పలేను, రెండూ మానకండి అన్నారు. తెలియదని చెప్పే డాక్టరు మీద నాకు నమ్మకం కుదిరింది.

నాగూర్ వలి జనవరి ఆఖర్న చేతికర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. వాళ్ళ ఇంటి నుంచి మా ఇంటి దాకా నడక అలవాటు చేసుకోమన్నారట. పొద్దున్నే వచ్చి దీపం ముందు నా పక్కనే కూర్చునేవాడు. అరగంటా అతనే మాట్లాడేవాడు. వారం రోజులు అట్లా గడిచాయి. ఒకరోజు టీ తాగుతూ తనే ఎత్తాడు. "బ్రహ్మన్నా, అరిచి చెప్పలేకపోయినానని నువ్వు కుమిలిపోతన్నావంట. మా షంషాద్ చెప్పింది. ఆ మిషన్ల రొదలో నీకు గొంతున్నా నాకు ఇనపడేదా? ఇడిచిపెట్టు."

తప్పించుకోవడానికి అంత మంచి దారి నాకు మళ్ళీ దొరకదు. తల ఊపితే సరిపోయేది. పలక తీసుకున్నాను. ఒకసారి రాసి, తుడిచి, మళ్ళీ రాశాను. "గొంతు కాదు. గొలుసు జారలా. స్విచ్చి నొక్కే ఉంచింది నేనే. కళ్ళు తెరుచుకునే నిద్రపోయా."

చదివాడు. పలక తన చేతిలోకి తీసుకుని మళ్ళీ చదివాడు. "ఇన్ని రోజులూ తెలుసు నీకు" అన్నాడు. అవునన్నట్టు చూశాను. టీ గ్లాసు కింద పెట్టి, కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రెండు వేళ్ళు లేని కాలితో గడప దాటడానికి ఎంతసేపు పట్టిందో, అంతసేపూ నేను లేచి పట్టుకోవాలా వద్దా తెలియక నిలబడ్డాను.

ఆ సాయంత్రమే బసవయ్య గారింటికి వెళ్ళి అదే రాసి చూపించాను. ఆయన చదివి పలక వెనక్కిచ్చారు. ఇక మిల్లులోకి రావద్దన్నారు. తప్పని అనను. మీ వదినకి ముందు రోజే చెప్పాను. ఆమె మిరపకోతకి సద్ది కట్టుకుంటూ, "చెప్పేదేదో ఆ మనిషికి చెప్పు, నాకు కాదు" అంది.

మూడు రోజులు నాగూర్ వలి రాలేదు. నాలుగో రోజు పొద్దున దీపం వెలిగించి కూర్చుంటే గుమ్మం దగ్గర కర్ర చప్పుడైంది. లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు. మొహం నల్లగా ఉంది.

"మూడు రోజుల్నుంచీ నిన్ను తిట్టుకుంటానే ఉండా. ఇంకా అయిపోలా. ఇంట్లో కూర్చోని తిట్టుకుంటంటే షంషాద్ పడనియ్యటంలా" అన్నాడు. "ఇక్కడే కూర్చోని తిడతా. కుర్చీ ఎయ్యి."

వేశాను.

నీ అన్న
బ్రహ్మం